మోతీబాయి మానేసిన గోళీలు

మోతె దగ్గరి తండాలో మోతీబాయి అంటే నాట్లకు పెట్టింది పేరు. ముప్పై ఏళ్లు ఆడకూలీల ముఠాను వెంటేసుకుని ఊరూరా తిరిగింది. నోరు కూడా చేతులంత చురుకే. అలాంటి మనిషికి ఐదేళ్ల కిందట కుడిచేయి వణకడం మొదలైంది, తర్వాత కాళ్లు బిగుసుకున్నాయి. సూర్యాపేట డాక్టరమ్మ పార్కిన్సన్స్ జబ్బని తేల్చి గోళీలు రాసింది. పూటపూటకూ అవి పడితేనే లేచి నడిచేది, తన ముద్ద తాను తినేది.

పింఛను రావాలంటే వికలాంగుల సర్టిఫికెట్ కావాలి. అదిచ్చే క్యాంపుకు పిలుపొచ్చింది. ఇలాంటి వాటిలో అన్నీ తెలిసినవాడని తండాలో రూప్లాకు పేరు. ఉత్త పేరే.

"వదినె, గోళీలేసుకొని పోతే నీ రోగం వాళ్లకేం కనవడ్తది? మూడు దినాలు బంద్ పెట్టు" అన్నాడు.

భర్త బిచ్చా వద్దన్నాడు. జబ్బుందని చూపించడానికి జబ్బు పెంచుకోవాలా అని మోతీబాయికీ ఒళ్లు మండింది. అయినా సర్టిఫికెట్ కోసం మానేసింది.

నాలుగో రోజు క్యాంపుకు వెళ్లేసరికి వణుకు కాస్త పెరిగింది, అంతే. నడవమంటే నడిచింది, తిరగమంటే తిరిగింది. అక్కడి డాక్టరు ఆమె తెచ్చిన ఫైలు విప్పనైనా లేదు. "బాగానే ఉన్నవు గదమ్మా" అని పంపించేశాడు. చూడ్డానికి కూర్చోబెట్టిన మనిషికి చదవడానికేం రోగమో!

రూప్లా కొత్త మాట ఎత్తుకున్నాడు. "గోళీలు లేకున్నా నడుస్తున్నవంటే రోగమే పోయినట్టున్నది, వదినె."

ఆ మాట తియ్యగా తగిలింది. ఎవరికి తగలదు? ఇంకో వారం గోళీ ముట్టలేదు.

పన్నెండో రోజు పొద్దున మంచం మీంచి లేవలేకపోయింది. పక్కకు ఒత్తిగిలాలన్నా బిచ్చా పట్టాలి. గంజి గొంతు దిగలేదు. ఆటోలో సూర్యాపేట తీసుకుపోతే డాక్టరమ్మ తల పట్టుకుంది.

"గోళీ ఆపినంక దాని బలం ఒక్కసారే పోదమ్మా. కొంత గంటల్లనే పోతది, కొంత దినాల మీద, కొందరికి వారాల మీద మెల్లగ దిగుతది. క్యాంపుల నిన్ను నడిపించింది ఆ మిగిలిన బలమే. రోగం యాడికీ పోలే. ఇట్ల సొంతంగ మానేస్తే పాణానికే ముప్పు."

మోతీబాయి ఎనిమిది రోజులు దవాఖానాలో ఉంది.

మూడు నెలలకు మళ్లీ క్యాంపు. "ఈసారి పదిహేను దినాలు..." అని రూప్లా మొదలుపెట్టాడో లేదో, "ఇంగో మాట మాట్లాడితే నీ పండ్లు రాలగొడ్త" అంది. పొద్దున గోళీ వేసుకునే బయల్దేరింది.

అదే డాక్టరు. అదే మాట. "నడుస్తున్నవు గదా!"

మోతీబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. కొంగుముడి విప్పి, గోళీల అట్ట తీసి, వణికే చేత్తో బల్ల మీద పెట్టింది. పక్కనే దవాఖానా కాగితం పెట్టింది.

"నడుస్తున్నది నేను గాదు సారూ, గీ గోళీలు. ఇవి లేకుంటే నేనెట్లుంటనో ఈ కాగితంల ఉన్నది. చదవనీకి తీరిక లేదా? అయితే ఇవి నీ దగ్గరనే పెట్టుకో. నన్ను గీడనే పండవెట్టుకో. పన్నెండు దినాలు నువ్వే సూడు. పక్కకు నువ్వే మర్లెయ్యి, గంజి నువ్వే తాపు. అప్పుడు రాయి."

డాక్టరు అట్టను మెల్లగా ఆమె వైపు జరిపాడు. కుర్చీ చూపించి, కాగితం అందుకుని, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు.