ఏ రకమో తెలియని పైపు

అరవైల మొదట్లో విడవలూరు దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లుకు ఆవిరి పైపులు వేయించే పని నా మీద పడింది. ఇంజనీరుగారూ అని పిలిపించుకోవాలని అప్పట్లో నాకు మహా తొందర. మద్రాసులో ఒక ఆఫీసుకు వెళ్లి, అక్కడి అమెరికా కోడు, అంటే నిబంధనల పుస్తకంలోని పట్టికను చేత్తో రాసుకుని తెచ్చుకున్నాను. ఏ రకం ఉక్కును, ఎంత వేడిలో, ఎంత ఒత్తిడి దాకా నమ్మవచ్చో అందులో వరసలుగా ఉంటుంది. రకం తెలిస్తే అంకె దొరికినట్టే.

మిల్లు ఆసామి కొన్నవి పాత పైపులు. అయినా వాటి మీద ఉక్కు రకం తెల్లరంగుతో రాసే ఉంది. అది రాసుకోకుండానే, పైపులు శుభ్రం చేసి బిగించమని మిల్లు మేస్త్రీకి చెప్పి నెల్లూరు వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి ఆయుధపూజ అయిపోయింది. మేస్త్రీ పైపులన్నీ ఇటుకపొడితో రుద్ది, ఎర్రరంగు పూసి, బిగించి, పసుపు కుంకుమలు పెట్టేశాడు. ఒక్క అక్షరం మిగల్లేదు. అతన్ని తిట్టి లాభం లేదు. శుభ్రం చేయమని చెప్పింది నేనే కదా.

తొట్లలో వడ్లు నానుతున్నాయి. మర్నాటికి ఉడక్కపోతే పులిసిపోతాయి. ఆసామి గంటకోసారి మనిషిని పంపుతున్నాడు. పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. మేలు రకం ఉక్కు అనుకుంటే ఆ పల్చటి పైపు పూర్తి ఆవిరికీ సరిపోతుంది. నాసి రకం అనుకుంటే ఆవిరి బాగా తగ్గించాలి, అప్పుడు అన్ని తొట్లకూ అందదు. చివరికి మధ్య వరస మీద వేలు పెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అన్ని తొట్లూ ఉడికి ఆసామికి కోపం రాదన్న ధీమా తప్ప ఆ అంకెకు వేరే ఆధారం లేదు.

మేస్త్రీ పక్కనే నిలబడి నా వేలి వంకే చూస్తున్నాడు.

"మా ఇంటామె ఆ పైపు కిందనే నిలబడుకొని వడ్లు తోడేది సార్. మీరు ఏ అంకె చెప్తే దానికే వాల్వు తిప్పతా," అన్నాడు.

వేలు తీసేసి, పట్టికలో అన్నిటికన్నా తక్కువ అంకె కింద గీత గీశాను.

మర్నాడు ఆవిరి చాలక రెండు తొట్ల వడ్లు పులిసిపోయాయి. మళ్లీ మిల్లు గడప తొక్కవద్దని ఆసామి నలుగురిలో అన్నాడు. అయినా కదల్లేకపోయాను. మేస్త్రీ భార్య గంప పట్టుకుని వచ్చి పైపు కింద నిలబడింది. ఒక్కసారి కూడా తలెత్తి పైపు వంక చూడలేదు. చూసింది నేనే, సాయంత్రం దాకా.