ఆఖరి కడుగుడు

సబ్బు బిళ్లకు కూడా సబ్బు రాసి కడిగే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ పరిశోధనశాలలో సీసాలు కడిగే పిన్ని సరిగ్గా ఆ రకం. ఇంట్లో మొగుడు స్నానం చేసి వస్తే, చెవుల వెనక ఒకసారి చూసి మళ్లీ లోపలికి పంపేది. పాపం, ఆయన తువ్వాలు విప్పకుండానే వెనక్కి తిరిగేవాడు.

అక్కడి చిన్న మేడం ఏళ్ల తరబడి ఒకే మందు వెంటపడి ఉంది. మొండి సూక్ష్మజీవులు మామూలు మందును గుమ్మం తొక్కనివ్వవు. కానీ ఇనుమంటే వాటికి ప్రాణం. అది కరువైతే, బంకలాంటి పదార్థాన్ని బయటికి వదిలి, దానికి అంటుకున్న ఇనుమును లోపలికి లాక్కుంటాయి. మేడం తన మందును ఆ పదార్థానికే అంటగట్టింది. ఇనుమొచ్చిందని మురిసిపోయి తలుపు తీస్తే చాలు, మందు కూడా దూరిపోతుంది.

"కడుపు మాడ్చి, తిండి చూపించి చంపుతారా? ఇదెక్కడి అన్యాయం మేడం!" అంది పిన్ని. అన్నదే కానీ, సీసాలు మాత్రం తళతళలాడించింది.

రెండుసార్లు పరీక్ష పెట్టారు. రెండుసార్లూ ఆ వెధవలు మందు వంక చూడనైనా చూడకుండా సీసా నిండా పెరిగి కూర్చున్నాయి. ఈసారీ ఇంతే అయితే ఈ పని మూసేయమని పెద్దసారు చెప్పేశాడు. మేడం మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పిన్ని వచ్చి పక్కన కూర్చుంది.

"ఊరుకోండి మేడం. ఈసారి ఇంకా బాగా కడుగుతాగా!"

మేడం కళ్లు తుడుచుకుని, తోడుగా కడిగే గదిలోకి వచ్చింది. పిన్ని సీసాను ఆమ్లంలో నానబెట్టి తీసింది, ఇనుము లేని శుద్ధమైన నీళ్లతో జాడించింది. అంతా పద్ధతి ప్రకారమే. ఆ తర్వాత "ఈ డబ్బా నీళ్లకి మురికి పోతుందా ఎక్కడైనా!" అని గొణుక్కుంటూ తీసుకెళ్లి కుళాయి కింద పెట్టింది. ఆ కుళాయి గొట్టం పిన్నికంటే వయసులో పెద్దది. లోపలంతా తుప్పు.

"పిన్నీ! ఏంటిది?"

"ఆఖరి కడుగుడు. అది లేకపోతే నాకు కడిగినట్టే ఉండదు."

మేడానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆ నీళ్లలో ఇనుముంది పిన్నీ! కడుపు నిండినవాళ్లు తలుపెందుకు తీస్తారు?"

పిన్ని మొహం పాలిపోయింది. సీసాలన్నీ మళ్లీ మొదటినుంచీ కడిగింది. శుద్ధమైన నీళ్ల వంతు అయిపోగానే, చేతులు చంకల్లో బిగించుకుని గోడవైపు తిరిగి నిలబడింది. ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. అయినా కుళాయి ముట్టలేదు.

పరీక్ష పెట్టిన మర్నాడు సీసాలో ద్రవం తేటగా ఉంది, ఒక్క సూక్ష్మజీవీ పెరగలేదు. మేడం పిన్నిని వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. "ఆకలి మీద పోయాయి, పాపం" అని పిన్ని ముక్కు చీది, వెంటనే చేతులు కడుక్కుంది.

ఇంటికెళ్లేసరికి మొగుడు స్నానం ముగించి తల దువ్వుకుంటున్నాడు. పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"సీసాలకెలాగూ చెయ్యనివ్వలేదు. నడవండి, ఆఖరి కడుగుడు మీకే."

ఆయన దువ్వెన పక్కన పెట్టి తువ్వాలు అందుకున్నాడు.