కిరాయి ఇంట్లో నర్సింలు ఉన్నన్నాళ్లు

ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో నన్ను సిద్దిపేటలోని ఒక ధర్మ దవాఖానలో వెనక వార్డుకు వేశారు. నాకు చదువు సంతకం వరకే. పైన డాక్టరు సారు, ఆయన కింద సిస్టరు, ఆ తర్వాత కాంపౌండరు, అందరికంటే కింద ఆయా. ఆ ఆయాను నేను.

వెనక వార్డంటే నాలుగు మంచాలు. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు ఇక లాభం లేదని పంపేసినవాళ్లను అక్కడ పడుకోబెట్టేవాళ్లం. నయం చేయడం మా పని కాదు. వేళకు నొప్పి మందు పొయ్యడం, ఒళ్లు తుడవడం, వీపుకు పుండ్లు పడకుండా పక్క మార్చడం, ఎండిన నోటిని తడిగుడ్డతో తడపడం, ఇదీ పని. నాకు బాగా వచ్చు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

వార్డుకు ఒక రూలుండేది. పదిహేను రోజులకు మించి బతకడని డాక్టరు సారు అనుకుంటేనే మంచం. ఎక్కువ రోజులు ఉండేటట్టు కనిపిస్తే ఇంటికి పంపాలి. వరండాలో ఇంకొకరు ఎదురుచూస్తుంటారు కదా.

అక్కడికి దర్జీ నర్సింలును తెచ్చారు. తొగుట నుంచి వచ్చి సిద్దిపేటలో ఒక్క గది కిరాయికి తీసుకుని, అందులోనే మిషను పెట్టుకున్న మనిషి. కడుపులో క్యాన్సరు. వచ్చిన రోజు కళ్లు తెరవలేదు. నొప్పి తగ్గి, నాలుగు గుక్కల జావ దిగేసరికి లేచి కూర్చుని నన్నే ఎగతాళి చేశాడు.

“అక్కా, గీ రవిక ఎవడు కుట్టిండు? ఒక చెయ్యి నీది, ఒక చెయ్యి పక్కింటామెది ఉన్నట్టున్నది.”

డాక్టరు సారు చూసి సంతోషపడ్డారు. రెండు నెలలకు ఢోకా లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాట విని నర్సింలు భార్య బాలమణి నేల మీద కూలబడి ఏడ్చింది.

“బతుకుతడంటే ఏడుస్తవేందమ్మా?”

“బతుకుతడు సారూ, గని ఏడ బతుకాలె? ఓనరమ్మ ఇంట్లకు రానియ్యనన్నది.”

కిరాయి ఇంట్లో చావు జరిగి, నక్షత్రం మంచిది కాకుంటే, ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలి. ఆ తర్వాత కిరాయికి వచ్చేవాళ్లు జంకుతారు. అందుకని మనిషి చావుకు దగ్గరైతే ముందే బయటికి పంపుతారు. నా భర్త కూడా కిరాయి ఇంటి బయట, టార్పాలిన్ కిందే పోయాడు.

నేను డాక్టరు సారు దగ్గర అనుమతి తీసుకుని ఆ ఓనరు దగ్గరికి పోయాను. కిరాణా దుకాణం వాళ్ల షావుకారమ్మ ఆమె.

“అమ్మా, డ్యూటీ దిగినంక రోజు నేనొచ్చి చూస్త. పోయేటట్టు కనవడంగనే రిక్షల ఏసుకొని దవాఖానకు తీస్కపోత. మీ ఇంట్ల ఏం కానియ్య. నాది పూచీ.”

“నీకెట్ల ఎరుకైతదే? యముడు నీకు చెప్పి వస్తడా?”

“కాళ్లు సల్లవడుతయి. ఊపిరి ఆగాగి వస్తది. శానమందిని చూసిన అమ్మా.”

మనసొప్పకుండానే ఒప్పుకుంది.

రోజూ పోయేదాన్ని. పక్క ఎట్లా మార్చాలో, పాత చీరలు మడిచి వీపు కింద ఎట్లా పెట్టాలో బాలమణికి నేర్పాను. ఒకనాడు పోయేసరికి నర్సింలు కాళ్లు మంచులా ఉన్నాయి. పరుగున రిక్షా తెచ్చాను. దవాఖాన గేటు దగ్గర కళ్లు తెరిచాడు.

“అక్కా, చాయ తాపియ్యరాదు?”

చాయ తాగించి వెనక్కి తెచ్చాను. షావుకారమ్మ గడపలో నిలబడి ముక్కు మీద వేలేసుకుంది.

“పోతుండని తీస్కపోతివి, చాయ తాగి వచ్చెనా?”

కొన్నాళ్లకు మళ్లీ అట్లాగే అయ్యింది. గల్లీ అంతా నవ్వారు.

“ఆయమ్మా, ఆ రిక్షవాణ్ని మా ఇంటి ముందరనే పండుకోమను,” అంది షావుకారమ్మ. నవ్వినా పొమ్మనలేదు. అప్పటికి ఆమె మనవరాలి గౌన్లకు గుండీలు కుట్టేది నర్సింలే.

డాక్టరు సారు చెప్పిన రెండు నెలలు దాటాయి. వానలు పడ్డాయి. ఒక పొద్దున పోయేసరికి ఊపిరి దవడతో లాగుతున్నాడు. షావుకారమ్మ బియ్యం చెరుగుతోంది.

“అమ్మా, ఈసారి నిజం. రిక్ష తెస్త.”

“వద్దు. రెండుసార్లు గిట్లనే అన్నవ్. లేస్తడు, చాయ అడుగుతడు. గీ వానల ఏడ తిప్పుతవ్?”

“తర్వాత నన్ను అనొద్దమ్మా.”

“అన్ననా? కూసో.”

కూర్చున్నాను. నర్సింలు తన మంచం మీదే, మిషను పక్కనే, చెయ్యి బాలమణి చేతిలో ఉండగా పోయాడు. పక్కవాళ్లు వచ్చి నా మీదికి లేచారు, పూచీ ఏమైందని. షావుకారమ్మ కొంగు నెత్తిన కప్పుకుని బయటికి వచ్చింది.

“ఆమె చెప్పింది. నేనే ఇనలె.”

ఆమె నిజంగా నమ్మలేదో, నమ్మనట్టు నటించిందో నాకు ఈనాటికీ తెలియదు. అడగలేదు. పంతులు చెప్పినన్నాళ్లు గది మూసిపెట్టి, బాలమణికి దుకాణం వెనక రేకుల షెడ్డు ఇచ్చింది.

జరిగింది జరిగినట్టు డాక్టరు సారుకు చెప్పాను. ఆయన ఆ పదిహేను రోజుల రూలు ఎత్తేశారు. నన్ను ఇళ్లకు పోయి చూసే డ్యూటీకి వేశారు. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఎందరు ఓనర్లతో కొట్లాడానో, ఎందరిని ఒప్పించానో! ఒప్పించిన ఇంటి ముందు నుంచి పోతే ఇప్పటికీ నడక ఠీవిగా పడుతుంది.

మనిషికి ఇంకా ఎన్ని రోజులున్నాయో డాక్టరు సారు చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను. రోజులు లెక్కగట్టి జాగ ఇస్తే, లెక్క తప్పినప్పుడల్లా మనిషి రోడ్డున పడతాడు. ముందు జాగ ఇవ్వాలి. ఉన్నన్నాళ్లు ఉంటాడు.