కోటగుమ్మంలో వరస తేలిన సాయంత్రం

మొన్న శుక్రవారం సాయంత్రం కోటగుమ్మం సెంటర్లో ట్రాఫిక్ మొత్తం ఆగిపోయిందని మీరు వినే ఉంటారు. దానికి కారణం ఎవరా అని ఊరంతా అనుకుంటున్నారు కదా. ఆ కారణం మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతోంది.

సాయంత్రమైతే మన రాజమండ్రిలో మగాళ్ళంతా కోటగుమ్మం వచ్చి నిలబడతారు. పనేమీ ఉండదు, నిలబడటమే పని. దీన్ని అదుపు చెయ్యడానికి పెద్దమనుషులం ఒక కమిటీగా ఏర్పడ్డాం. ఆ కమిటీ కూడా సెంటర్లో నిలబడి మాట్లాడుకుంటూండగానే పుట్టిందనుకోండి, అది వేరే సంగతి. తోపుడు బళ్ళు ఆపకూడదు, గుంపులు కట్టకూడదు, ఇలాంటి రూల్సు రాసే పని నాకు అప్పగించారు, బి.ఏ. చదివానని. మా రోజుల్లో బి.ఏ. అంటే... సరే, వదిలేద్దాం.

శుక్రవారం కాకినాడ నుంచి పెద్దాఫీసరుగారు వస్తున్నారని సి.ఐ.గారు నన్ను పిలిచారు.

"మాస్టారూ, ఆయన కారు సెంటర్లో ఆగకుండా వెళ్ళాలండి. వెళ్ళిందంటే మీ కమిటీ పర్మనెంటు. మీ చేతికి పట్టీ, మెళ్ళో ఈల నేనిప్పిస్తాను."

ఈలంటే నాకు చిన్నప్పట్నుంచీ మోజు. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను.

"మనింట్లో పిల్లే మీ మాట వినదు. సెంటర్ వింటుందా?" అంది.

దాంతో నాకు పంతం వచ్చింది. ఈల మెళ్ళో వేసుకునే మళ్ళీ గుమ్మం తొక్కాలనుకున్నాను.

తీరా శుక్రవారం సాయంత్రం సెంటర్‌కి వెళ్తే కిళ్ళీకొట్టు ముందు తెల్లపంచె కట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. పక్కకి పొమ్మనాలి. కానీ మనవైపు ఊరూ పేరూ అడక్కుండా మనిషిని పొమ్మంటే ఏం మర్యాద?

"ఏ ఊరండి తమది?"

"తణుకండి. చెరకు వ్యవసాయం."

"తణుకులో ఎవరి తాలూకండి?"

అక్కడే కాలు జారింది. తీగ లాగితే ఆయన బావమరిది మా ఆవిడ మేనమామకి వియ్యంకుడు. "అయితే మీరు నాకు బావగారండి" అన్నాడాయన. "అదెలాగండి, అన్నయ్యగారవుతాను" అన్నాను నేను. వరస తేలకుండా మనిషిని ఎలా పంపడం?

కిళ్ళీకొట్టతను నా పక్షం. సోడాలు అమ్మే అతను బండి ఆపి, "బావేనండి, సందేహం లేదు" అన్నాడు. కొవ్వూరాయన ఒకడు మధ్యలో దూరి, ఆ వియ్యం కలిసిన పెళ్ళిలో తను వడ్డించానన్నాడు. అన్నయ్య పార్టీ, బావ పార్టీ తయారయ్యాయి. బస్సు కండక్టరు దిగొచ్చి రెండు పార్టీల వాదనా విన్నాడు. వెనకవాళ్ళకి నా మాట వినపడటం లేదంటే నేను కిళ్ళీకొట్టు స్టూలెక్కాను.

ఎక్కాక కనబడింది, గుంపు మధ్యలో ఇరుక్కున్న పెద్దాఫీసరుగారి కారు.

సి.ఐ.గారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "ఏంటి మాస్టారూ ఇది?"

"ఏం లేదండి. వరస తేలడం లేదు."

కారు అద్దం కిందికి దిగింది. లోపల్నుంచి ఆఫీసరుగారు నెమ్మదిగా అడిగారు. "వియ్యమందింది పెద్దమ్మాయి వైపా, చిన్నమ్మాయి వైపా?"

ఆయనదీ మనవైపేనట. కారు దిగారు. దీపాలు పెట్టేవేళకి 'బావగారే' అని తీర్పు చెప్పి, నా వీపు తట్టి వెళ్ళారు. సి.ఐ.గారు మాత్రం తట్టలేదు.

మర్నాడు సాయంత్రం అలవాటు కొద్దీ మళ్ళీ సెంటర్‌కి వెళ్ళి నిలబడ్డాను. చేతికి పట్టీ, మెళ్ళో ఈల వేసుకుని కొత్త మనిషొకడు నా దగ్గరికి వచ్చాడు.

"ఏ ఊరండి తమది?"

"ఈ ఊరేనండి" అన్నాను పొంగిపోయి.

"అయితే ఇల్లు దగ్గరేగా. నడవండి."

నడిచాను. నేను రాసిన రూల్సుకి లొంగి కోటగుమ్మం సెంటర్లోంచి కదిలినవాణ్ణి ఇప్పటికి నేనొక్కణ్ణే.