సారమ్మ టీచర్ అడిగిన గంట

ఈ ఉదయం చెరకు బండి ఒకటి మా వీధి మలుపులో ఆగింది. తడి ఆకు, మట్టి, కోసిన చోట ఊరే తీపి రసం కలిసిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. చేతిలో జపమాల అలాగే నిలిచిపోయింది. ఆ వాసనకు నాకు గుర్తుకొచ్చేది మా చేనుకంటే ముందు సారమ్మ టీచర్.

ఆవిడ మెథడిస్టు క్రైస్తవులు. బోధన్‌లో మిషన్ బడిలో పనిచేసి, పెద్దవయసులో కోటగిరిలో మా వాడకు వచ్చి స్థిరపడ్డారు. ఐదో తరగతితో నన్ను బడి మాన్పిస్తే, తనంతట తానే అడిగి రోజూ పొద్దున తన ఇంట్లో చదువు చెప్పారు. ఇంగ్లీషు మాటకు అర్థం మాత్రం చెప్పేవారు కాదు. "ఈ మాట ఎవరి నోట్ల ఉన్నదో అడిగి రా బిడ్డా" అని వీధిలోకి పంపేవారు. అట్లా 'సీజన్' అనే మాట వెంట కొన్నాళ్లు తిరిగాను. చెమ్మ ఆరి, ఇక వంకర పోని కట్టెను వడ్రంగి సీజన్ అయిన కట్టె అన్నాడు. రోజూ నిజామాబాద్ వెళ్లే గుమస్తా జేబులోంచి సీజన్ టికెట్ తీసి చూపించాడు. పండ్లమ్మే అవ్వకు అది మామిడిపండ్ల కాలం. కూరలో ఉప్పూకారం సరిచూడటాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు ఆ మాటతోనే చెప్తారని టీచర్ అంటే మా అమ్మ నవ్వింది. ఇక మా బాపుకు సీజన్ అంటే ఒకటే, చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే కాలం.

ఆ కాలం వచ్చింది. కోతకు మనుషులు దొరకలేదు. చదువు తర్వాత చూద్దామని బాపు నన్ను చేనుకు రమ్మన్నాడు. నిరుడు మా పెద్దనాన్న కూతురు ఇలాగే మానింది, మళ్లీ పుస్తకం పట్టలేదు. ఎదురు చెప్పే అలవాటు లేనిదాన్ని. దేవుడికి చెప్పుకుని, ఓణీ బిగించి వెళ్లాను.

రెండు రోజులకు టీచరే చేనుకు వచ్చారు. మోపులు కట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్లలాగే చెరకు ఆకును మెలిపెట్టి కట్టబోయారు. ముడి నిలవదు. "టీచరమ్మ మోపు బండెక్కకముందే ఊసిపోతది" అని ఒకామె అంటే అందరూ నవ్వారు, ఆవిడ కూడా. ఆకు అంచులు కోసుకుని అరచేతులు ఎర్రబడ్డాయి. ఆ చేతులతో కడుతూనే నాకు పాఠం చెప్పారు. ఇన్ని చోట్ల తిరిగిన ఆ 'సీజన్' మాట, పాత లాటిన్‌లో విత్తడమనే మాట నుంచి పుట్టిందట.

బాపు మొహం చిన్నబోయింది. "మీకెందుకు టీచరమ్మా గీ కష్టం? బండ్లు పోయినంక పంపుత గద" అన్నాడు. అప్పుడాయన చేతిలో ఏరిన చెరకు గడలున్నాయి. బండికెత్తకముందే మంచి గడలు విత్తనానికి తీసి పక్కన పెట్టడం మా ఆనవాయితీ. ఎంత తొందరున్నా వాటి జోలికి ఎవరూ పోరు.

టీచర్ వాటివంక చూశారు. "విత్తనం గడ ముందుగాలనే తీస్తరు గద పటేలా. మిగిలితే తీద్దామని ఆగరు. బిడ్డకు గూడ పొద్దుగాల ఒక గంట గట్లనే తియ్యుర్రి."

బాపు గడలు నీడన పెట్టి, తడి గోనె కప్పి వచ్చాడు. మర్నాడు నేను కొడవలి అందుకోబోతే, "చదువుకొని రా" అన్నాడు.

నాకు అబ్బిన చదువంతా అలాంటి గంటల్లోదే. పెళ్లయ్యాక అత్తగారింట్లోనూ, దీపం పెట్టాక పొయ్యి వెలిగించేలోపు పుస్తకం పట్టుకునేదాన్ని. ఇదేం పద్ధతని అత్త ఒకసారి అడిగింది. "గా గంట నాది కాదత్తమ్మా, మా టీచరమ్మ ఇప్పించింది" అన్నాను. ఆ రోజు పొయ్యి ఆమే వెలిగించింది. ఇప్పటికీ నా దేవుడికీ, టీచర్ దేవుడికీ కలిపి ఒక్కసారే మొక్కి పుస్తకం తెరుస్తాను.