బెండకాయ పూల కార్డు

నా చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరింది. మాది చర్చిలో జరిగే పెళ్ళే అయినా, ముందురోజు పెళ్ళికూతురికి పసుపు పూసి నలుగు పెట్టడం మాకూ ఉంది. ఆ పసుపు మాత్రం మొగుడున్న ఆడవాళ్ళే పూయాలంటారు. అందుకే చెల్లెలు ముందుగానే ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు నేరుగా చర్చికి వచ్చెయ్యి. నలుగు కాడికి రాబాక. పెళ్ళికొడుకు తరఫోళ్ళు ఉంటారు, మాటొస్తాది."

"మీ బావ పోయినాడు గానీ నా చేతులు పోలేదు గదే," అన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఆ పిల్లను ఎత్తుకుని పెంచిన చేతులివి. నా చెయ్యి తగలకుండా అది పెళ్ళికూతురు కావడానికి వీల్లేదనుకున్నాను. నన్ను రానివ్వకపోతే, నా చేత్తో చేసిందైనా పోవాలి.

సెలవులకు మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పిల్ల కార్డులు చేసేది. బెండకాయను అడ్డంగా కోసి, రంగులో అద్ది, కాగితం మీద ఒత్తితే పువ్వు పడుతుంది. ఆ పూలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించేది. దాని రంగుల పెట్టె మా అలమరలోనే ఉండిపోయింది. కిందికి దించాను.

లావు బెండకాయతో పెద్ద పూలు, లేతదాంతో చిన్నవి ఒత్తాను. రెక్కల్లో కుంచెతో పల్చగా గులాబి రంగు నింపాను. ఆరాక చూస్తే రంగంతా పాలిపోయి, పైన తెల్లటి పొడి లేచింది. నేను కుంచె ముంచింది బోరు నీళ్ళలో. సముద్రం పక్కన మా బోరంతా ఉప్పే. తాగడానికి క్యాన్ నీళ్ళు కొంటాం, మిగతా అన్నిటికీ బోరే. రంగుకు కూడా తాగే నీళ్ళు కావాలని నాకేం తెలుసు?

పారేయబుద్ధి కాలేదు. క్యాన్ నీళ్ళు గ్లాసులో పోసుకుని మళ్ళీ కూర్చున్నాను. ఈసారి రంగు నిలిచింది. పాలిపోయినవి అడుగున పెట్టి, మధ్యలో అట్టముక్క వేసి, కొత్తవి పైన అంటించాను. పువ్వు లేచి నిలబడ్డట్టు వచ్చింది. రాయడానికి నాకు సంతకం తప్ప రాదు. పసుపు రంగులో బొటనవేలు ముంచి ప్రతి పువ్వు నడుమా ఒత్తాను.

నలుగు రోజునే బస్సెక్కి పోయాను. గడప దాటలేదు. చెల్లెల్ని వాకిట్లోకి పిలిచి కార్డు చేతికిచ్చాను.

"ఇది దానికియ్యి."

లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి ఒక చెంపకే పసుపున్న మొహంతో పెళ్ళికూతురే బయటికొచ్చింది, చేతిలో కార్డుతో.

"పెద్దమ్మా, పువ్వు మధ్యలో ఈ వేలు నీదే గదా?"

"మరెవరిది? బెండకాయకు వేలిముద్ర ఉంటాదా?"

నవ్వింది. నవ్వుతూనే రెండో చెంప నా వైపు తిప్పింది. "ఈ పక్క ఇంకా పూయలా. నువ్వే పుయ్యి."

నేను చెల్లెలి మొహం చూశాను. అది పసుపు గిన్నె పట్టుకుని గడపలో నిలబడింది. దాని వెనక పెళ్ళికొడుకు తల్లి మెడ సాచి చూస్తోంది.

చెల్లెలు ఒకసారి వెనక్కి చూసి, గడప దిగి, గిన్నె నా ముందు పెట్టింది.

"ఏంది అట్టా చూస్తా ఉండావు? కానీ. తానానికి కాగబెట్టిన నీళ్ళు చల్లారిపోతా ఉండాయి."

రెండు చేతులతోనూ పూశాను.