గుంతకు రెండు బిందెలు

నిన్న మధ్యాహ్నం చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాను. వేళ్ల నుంచి మోచేతి దాకా వెయ్యి ఎర్రచీమలు ఒక్కసారిగా పరుగెత్తినట్టు జివ్వుమంది. నేను మూడు గజాలు వెనక్కి ఎగిరానని నా వాదన. అడుగుకు మించి కదల్లేదని మా ఆవిడ వాదన. ఇన్నేళ్ల కాపురంలో మా ఇద్దరి కొలతలు ఏనాడూ కలవలేదు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. వదల్లేనిది ఒకటుంది. నేను మొదట చూసుకున్నది చేతిని కాదు, పాదాలను. తడి బండ మీద వట్టి పాదాలు. అవి కనబడగానే ఎవరో నా చెవి పక్కన, గొంతు పెంచకుండా, "పోసినావా?" అని అడిగినట్టయింది. ఆ గొంతు దేవదానానిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

దేవదానం ఆదోనిలో ఒక పత్తి మిల్లులో వైర్‌మన్. యాభైల చివర్లో ఎమ్మిగనూరు చుట్టుపక్కల తోటలకు కరెంటు కొత్తగా వచ్చినప్పుడు, ఎవరు మోటారు పెట్టించుకోవాలన్నా ఆదోని బస్సులో ఆయన దిగాల్సిందే. మనిషి కంటే ముందు ఆయన చెప్పులు దిగేవి. లారీ టైరు కోసి కుట్టించినవి. వాటి మందం చూస్తే, ఆ లారీ ఇంకా ఏ దారిపక్కనో ఒక చక్రం తక్కువై నిలబడి ఉందేమోననిపించేది. మాటలు మాత్రం చాలా పల్చన. రోజుకు పది మాటలకు మించి వాడితే పదకొండోది అరువు తెచ్చుకోవాలన్నట్టు ఉండేవాడు.

మా మామ చెన్నబసప్పకు ఎమ్మిగనూరు పొలిమేరలో తమలపాకుల తోట ఉండేది. బయట ఎండకు కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చుంటే, లోపల అవిసెచెట్ల నీడలో తుమ్ములొచ్చేంత చల్లదనం. పన్నెండు నెలలూ కింద బురద. ఆ తోటలోకి చెప్పులతో పోకూడదు. అది ఆకుతోటల ఆచారం. మామ విప్పేవాడు, తహసిల్దారు వస్తే ఆయనా విప్పేవాడు. విప్పించేది మామ వాళ్లమ్మ, అంటే మా అవ్వ. ఆమె ఎత్తు నాలుగడుగుల రెండంగుళాలు, కోపమొస్తే తాటిచెట్టు. ఇక నేను ఇంటర్మీడియట్ తప్పి అక్కడికి చేరాను. తప్పింది ఫిజిక్సులోనే. అయినా ఆ ఊళ్లో ఫిజిక్సు చదివి తప్పినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి మోటారు బాధ్యత నాకప్పగించారు.

మోటారు బిగించిన రోజు దేవదానం మోటారు గది వెనకాల మనిషిలోతు గుంత తవ్వించాడు. అడుగున రాగిరేకు పెట్టి, దాని మీద ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు. రేకు నుంచి లావుపాటి తీగ లాగి మోటారుకూ, గోడకున్న ఇనప స్విచ్చు పెట్టెకూ కట్టాడు. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఎవురికి చేతబడి పెడ్తాండావప్పా?"

"మోటారుకేనవ్వా," అన్నాడు ఆయన తల ఎత్తకుండా. "లోపల యాడన్నా తీగ చెడితే కరెంటు ఇనుములోకి వస్తాది. వచ్చినేది పోయేదానికి దావ కావాల. ఈ గుంత తడిగా ఉంటే భూమిలోకి పోతాది. ఎండితే, ఇనుము పట్టుకున్నోళ్ల ఒంట్లోంచి పోతాది."

"పోతే?"

"మనిషి పోతాడు. అందుకే మోటారు కాడికి పోయేటోళ్లు రబ్బరు సెప్పులు ఏసుకోవల్ల."

"ఆకుతోటలోనా? ఆకుతీగ మాడిపోతాది. ఆ మాట మల్ల అనద్దు."

దేవదానం ఆ బురదను చూశాడు, అందులో ఉన్న మా పాదాలను చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అట్లయితే సెప్పుల పని గూడా ఈ గుంతే చెయ్యాల. దినామూ రెండు బిందెల నీళ్లు. ఎవురు పోస్తారు?"

"నేను పోస్తానన్నా," అన్నాను.

"నువ్వు పోస్తే ఈళ్లందరూ వట్టి కాళ్లతో తిరగొచ్చు వీరేశా," అన్నాడు. అప్పట్నుంచి నెలకోసారి శుక్రవారం వచ్చేవాడు. కంచె దగ్గర చెప్పులు విడిచి, "పోసినావా?" అని అడిగి, నేను తల ఊపితేనే లోపలికి అడుగు పెట్టేవాడు.

మొదట్లో భక్తిగా పోశాను. తర్వాత ఎండలు ముదిరాయి. గుంత నీడలో లేదు. నలభై అడుగులు ఎండలో నడవాలి. దసరాకు దేవరగట్టు దాకా నడిచిపోయి నడిచివచ్చిన కాళ్లు నావి. ఆ నలభై అడుగులకు మాత్రం వాటికి వాతం కమ్మేది. మోటారు గంటకు ఒక చెరువును తోడిపోస్తోంది, దాని గుంతకు రెండు బిందెలు లేవు. రేపు పోద్దామనుకున్నాను. అట్లా పదమూడు రేపులు గడిచాయి.

ఆకులు కోసే మారెమ్మ ఒక శుక్రవారం మోటారు పైపు దగ్గర కాళ్లు కడుక్కుంటూ, "అవ్వా, పైపు చీమల్లెక్క కుడతాంది," అంది. అవ్వ వచ్చి పైపు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. "శుక్రారం పూట ఎల్లమ్మతల్లి వచ్చినాదే," అంది. సాయంత్రానికి పైపుకు పసుపూ కుంకుమా, చుట్టూ వేపమండలు. మరుసటి శుక్రవారానికి ఊరు కదిలివచ్చింది. ముప్పై మంది ఉంటారు. నా భయంలో మూడు వందలు. బురదలో వట్టి కాళ్లతో వరస కట్టి ఒక్కొక్కరే పైపు తాకి కళ్లకద్దుకుంటున్నారు. ఫిజిక్సు తప్పినవాడికైనా ఆ చీమలు ఎక్కడివో తెలుస్తుంది. బిందె ఎత్తాను. ఇంతమంది ముందు పోస్తే ఇన్నాళ్లూ పోయలేదని తెలిసిపోతుంది. దించాను. "మోటారు ఆపుదామా అవ్వా?" అంటే, "తల్లి వచ్చిన పూట ఆపుతావా, పాపిష్టోడా," అని కసిరింది. నేనూ వరస పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ నోరు రాదు గానీ, నిలబడి చూశాను.

ఈసారి మారెమ్మ చెయ్యి విదిలించుకుని రెండడుగులు వెనక్కి పడింది. చీమలు కాదు, తేళ్లు. "తల్లికి కోపమొచ్చినాది. నేను శాంతిపరుస్తా," అంటూ అవ్వ కొంగు నడుముకు చుట్టి, పైపును వాటేసుకోవడానికి బయల్దేరింది.

"అవ్వా, నిలబడు. తాకద్దు."

కంచె దగ్గర దేవదానం. అది ఆయన వచ్చే శుక్రవారం. అరవలేదు, అయినా వరసంతా ఆగింది. చెప్పులు విడుస్తూ నన్ను అడిగాడు. "పోసినావా?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి. "పోసినానన్నా," అన్నాను. అది చాలదన్నట్టు, "నిన్న గూడా పోసినా," అన్నాను.

ఆయన తల ఊపాడు. "గుంత తడిగా ఉంటే ఇది మోటారుది కాదు. యాడనో పైతీగ పైపుకు తగిలుంటాది. ముందు మెయిను దించుతా." ఊరి లైను ఆపించాలంటే కరెంటాఫీసు దాకా మనిషి పోయి రావాలి. స్విచ్చు పెట్టె ఎదురుగానే ఉంది. దానికీ అదే గుంత కాపలా. ఆ గుంత మీద, అంటే నా మాట మీద, నమ్మకంతో ఆయన వట్టి కాళ్లతో బురదలోకి దిగాడు. మడమలు దిగబడి పైకి లేచిన ప్రతిసారీ చప్పుడు వినిపించింది. గది బండ ఎక్కాడు. అదీ తడే. పెట్టె ఇనప పిడి వైపు చెయ్యి చాపాడు. నా నోరు తెరుచుకుంది.

"పోయలేదన్నా," అన్నాను. "ఇరవై దినాలాయె. ఒక్క బిందె గూడా పోయలేదు."

ఆ చెయ్యి పిడికి జానెడు దూరంలో ఆగింది. నా కొలతలు ఎట్లాంటివో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఇది మాత్రం జానెడే.

ఆయన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చాడు. నా వైపు చూడలేదు. "అవ్వా, నా సెప్పులు తెప్పియ్యి," అన్నాడు. అవ్వ ఆకుతీగలను చూసింది. ఆయన బురద కాళ్లను చూసింది. కంచె దాటి ఇంట్లోకి పోయి, పూజగదిలోంచి మఠం స్వాముల పావుకోళ్లు పట్టుకొచ్చింది. ఎండి రాయిలా ఉన్న టేకు చెక్కవి.

"నేను ఏసుకోవచ్చునా అవ్వా?"

"స్వాములొచ్చి నీ మెయిను దించుతారా ఏమి? ఏసుకో."

ఆయన గడప దగ్గర కాళ్లు తుడుచుకుని, పావుకోళ్లెక్కి, పొడి వెదురుకట్టె ఒకటి అందుకున్నాడు. బండ మీద టక్కు, టక్కు అని నాలుగడుగులు. కట్టెతో పిడిని కిందికి తోశాడు. మోటారు మూలిగి ఆగిపోయింది. పైపు నుంచి నీళ్లు సన్నగిల్లి, చుక్కలై, అవీ ఆగాయి. ముప్పై మంది ఊపిరి నాకు విడివిడిగా వినబడింది.

తర్వాత ఆయన గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించబోయాడు. మూడు అగ్గిపుల్లలు విరిగాయి. "పోసినానని ఎందుకు చెప్పినావు?"

"సిగ్గేసిందన్నా."

నాలుగో పుల్ల వెలిగింది. "నాకు నలుగురు పిల్లోల్లు వీరేశా," అన్నాడు. తిట్లు వస్తాయని నిలబడ్డాను. రాలేదు. "బిందె తెచ్చుకో," అన్నాడంతే. పోశాను. గుంత దప్పిగొన్న ఎద్దులా గుటగుటమని తాగింది. ఎన్ని పోశానో నేను చెబితే మీరు నమ్మరు.

చెమ్మపట్టిన మోటారును ఆయన ఆదోనికి తీసుకుపోయి బాగుచేయించి తెచ్చాడు. పావుకోళ్లు మళ్లీ పూజగదికి పోలేదు. మోటారు గది గడప దగ్గరే ఉండేవి. స్విచ్చు వేసేవాడు ఎవడైనా అవి ఎక్కాల్సిందే. అవ్వ రోజూ వాటి మీద రెండు పూలు పెట్టేది. నాకు మిగిలిన పరీక్ష మరుసటి నెల. ఆయన వచ్చాడు. ఈసారి తానే పోయి గుంత చూసుకుంటాడు, నన్ను అడగడు అనుకున్నాను. కంచె దగ్గర చెప్పులు విడుస్తూ, ఎప్పటి గొంతుతోనే, "పోసినావా?" అన్నాడు.

"నిన్న పోయలేదన్నా. ఈపొద్దు పోసినా."

తల ఊపి లోపలికి వచ్చాడు. ఆ వట్టి పాదాలు మళ్లీ ఆ బురదలో దిగడం చూస్తూ నేను ఏడ్చాను. కొంచెమే.

నిన్న ఫ్రిజ్ దగ్గర నుంచి కదిలి, చెప్పులు వేసుకుని, చెయ్యి తుడుచుకుని మెయిను దించాను. పెరట్లో మా ఇంటి ఎర్తు గుంత దగ్గరికి పోతుంటే మా ఆవిడ వెనకాలే వచ్చింది. "గుంతకు నీళ్లు పోస్తున్నారా అసలు?"

మొన్ననే పోశాను అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. "లేదు," అన్నాను. "ఎండలు మొదలైనప్పటి నుంచీ పోయలేదు."

ఆమె బిందె అందించింది. గుంత గుటగుటమని తాగింది. వైరింగు చూడ్డానికి పొద్దున మనిషి వచ్చేదాకా మెయిను ఎత్తవద్దన్నాను. లోపలికి వస్తుంటే, ఎన్ని బిందెలు పట్టిందని అడిగింది.

"రెండు," అన్నాను. నిజంగా రెండే.